బొట్టు పెట్టిన రెండు డబ్బాలు

పాత పెద్ద కార్లకు వచ్చే రోగాలు నిజానికి కొన్నే. వాటిని పట్టుకోవడానికి చదువు అక్కర్లేదని నేను చాలా ఏళ్లు నమ్మాను. ముక్కు, చెవి, అరచెయ్యి పనిచేస్తే చాలనుకునేదాన్ని.

మా ఇల్లు మట్టెవాడలో ఉండేది. ముందు రేకుల షెడ్డు, వెనక రెండు గదులు. నా భర్త కార్ల మెకానిక్కు. డెబ్బయ్యో దశకంలో వరంగల్లో లారీలు, జీపులు బాగుచేసేవాళ్లకు కొదవ లేదు. కానీ దొరల ఇళ్లలోనూ పాత వ్యాపారుల ఇళ్లలోనూ మిగిలిపోయిన విలాయతి కార్లను ముట్టుకోవాలంటే అందరూ వెనకాడేవాళ్లు. వాటికి సామాను దొరకదు. నట్టు విరిగితే లేతు మిషన్ మీద చేయించుకోవాలి. తోలు వాషరు పోతే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర కూర్చుని కత్తిరించుకోవాలి. నా భర్తకు ఆ ఓపిక ఉండేది. అందుకని ఆ కార్లన్నీ మా షెడ్డుకే వచ్చేవి. పొడుగు ముక్కులు, తోలు సీట్లు, స్టీరింగు ముందు నున్నటి చెక్క పలకలు. తలుపు మూస్తే బియ్యం బస్తా కింద పెట్టినంత మెత్తటి చప్పుడు వచ్చేది.

నేను రఘునాథపల్లి దాపు పల్లెలో, కూలి చేసుకునే ఇంట్లో పుట్టాను. బడి మొహం చూడలేదు. పెళ్లై వచ్చాక నాటు వేసిన చేతులతోనే కిరోసిన్‌లో సామాను కడగడం మొదలుపెట్టాను. కడుగుతూ కడుగుతూ రోగాలు తెలిశాయి. ప్లగ్గు నల్లగా మసిబారితే బండి పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు. తెల్లగా సున్నంలా మారితే తక్కువ అందుతున్నట్టు. ఇంజన్ ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే నీళ్లు కలిసినట్టు, అంటే పైన గాస్కెట్ కాలిపోయినట్టు. ఎండాకాలంలో ఎక్కడపడితే అక్కడ ఆగిపోయి, అరగంట తర్వాత ఏమీ ఎరగనట్టు కదిలే బండికి రోగమేమీ లేదు, పైపులో పెట్రోలు వేడికి ఆవిరవుతున్నది అంతే. పంపు మీద తడిగుడ్డ వేస్తే నడుస్తుంది. కొన్ని కార్లకు వెనక డిక్కీ దగ్గర పెట్రోలు పంపు గోడ గడియారంలా కొట్టుకునేది. అది ఆగిపోతే నట్లు తిప్పే పాన పిడితో మెల్లగా తట్టాలి. ఆగకుండా కొట్టుకుంటే ట్యాంకు ఖాళీ అయినట్టు, లేకపోతే పైపు ఎక్కడో కారుతున్నట్టు. ఇంజన్ లోపల చప్పుడు ఎక్కడిదో తెలియకపోతే నా భర్త పొడుగు స్క్రూడ్రైవరు కొనను ఇంజన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకునేవాడు. తర్వాత తర్వాత నాకూ ఇచ్చేవాడు.

"నువ్వు జెప్పు, ఏడికెల్లి ఒస్తాంది?"

నేను చెప్పేదాన్ని. విప్పితే చాలాసార్లు అక్కడే ఉండేది. ఆయన పైకి మెచ్చుకునేవాడు కాదు. ఆ రోజు అన్నంలో ఉప్పు ఎక్కువైనా మాట్లాడకుండా తినేవాడు.

బ్రేకు ఒక్కటే వేరు. మిగిలిన రోగాలన్నీ ముందే దగ్గుతాయి, పొగ వదులుతాయి, వణుకుతాయి. బ్రేకు పోయేటప్పుడు చాలాసార్లు చెప్పదు. ఆ కార్లలో కాలితో తొక్కితే పైపుల్లోంచి ఆయిల్ పోయి చక్రాల దగ్గర బ్రేకును నెడుతుంది. ఆ ఆయిల్ వెనక్కి కారకుండా లోపల చిన్న చిన్న రబ్బరు గిన్నెలు ఉంటాయి, చిటికెన వేలి కొనంత. వాటికి బ్రేకు ఆయిల్ తప్ప మరొకటి పడదు.

"ఇంకో ఆయిల్ జరంత తగిలినా సరే, ఆ రబ్బర్లు సస్తయి. యాదుంచుకో," అని నా భర్త నాకు ఎన్నోసార్లు చెప్పాడు. నేను గుర్తుంచుకున్నాను కూడా.

మా షెడ్డుకు వచ్చే కార్లలో ఒక దొర కారు ఉండేది. నల్లటి పెద్ద ఇంగ్లీషు కారు. దాని డ్రైవరు మా పుట్టింటి పక్క ఊరివాడు, క్రైస్తవుడు. ఊరి వరసతో నన్ను చెల్లె అనేవాడు, నా భర్తను బావా అనేవాడు. బండి ఆపుతూనే బానెట్ మీద చెయ్యేసి, "నా ముసలిదానికి పాణం బాగలేదు బావా," అనేవాడు.

"ముసలితనం దానికి కాదు, నీకొచ్చింది," అని నా భర్త.

"నా కాలు ముసలిదైతదా? దొర అమ్మ ఒళ్లె పాలగిన్నె పెట్టుకొని కూసున్నా చుక్క ఒలకదు. గుడ్డు మీద కాలు పెట్టి బండి ఆపమను, ఆపుత."

"గుడ్డు దినుడు తప్ప నీకు గుడ్డుతోని పనేంది?"

అతనికి తన కుడికాలి మీద అంత గర్వం. తాగేవాడు కాదు. బీడీ కూడా లేదు. ఆదివారం చర్చికి పోయే ముందు కారు కడిగి పెట్టి, అదే నీళ్లతో కాళ్లు కడుక్కునేవాడు.

ఆ ఏడు వానాకాలం చివర్లో ఆ కారు బ్రేకు మెత్తబడడం మొదలైంది. ఒక చక్రం దగ్గర రబ్బరు అరిగి ఆయిల్ చెమ్మలా కారుతున్నది. నా భర్త సికింద్రాబాదుకు చెప్పి పంపి రబ్బర్లు తెప్పించాడు. అవి దసరాకు రెండు రోజుల ముందే వచ్చాయి. పండుగ దాటాక వేద్దాం, అంతవరకు ఆయిల్ పోస్తూ నడపమన్నాడు.

అంతకుముందు బ్రేకు ఆయిల్ కంపెనీ సీసాలో వచ్చేది. అది దొరకడం కష్టమై, విడిగా తెచ్చి ఖాళీ నెయ్యి డబ్బాలో పోసి పెట్టుకున్నాం. పక్కనే అలాంటి నెయ్యి డబ్బాలోనే షాక్ ఆయిల్ ఉండేది. పాత పెద్ద కార్లకు గతుకుల్లో ఊగకుండా ఉండడానికి చక్రాల దగ్గర చిన్న పెట్టెల్లాంటివి ఉంటాయి, వాటిలో పోసేది. రెండూ పలచన, రెండూ తేనె రంగు. నా భర్త రెండిటి మీదా కాగితం ముక్కలు అతికించి పేర్లు రాశాడు. నాకు చదవరాదు కదా, నేను బ్రేకు డబ్బాకు కుంకుమ బొట్టు పెట్టుకున్నాను. ఆముదంలో కలిపి పెడితే చాలా రోజులు ఉంటుంది. బొట్టున్నది బ్రేకు. బొట్టు లేనిది కాదు. అంతకంటే సులువైన గుర్తు ఏముంటుంది?

దసరా రోజు పొద్దున షెడ్డంతా కడిగాను. పానలు, సుత్తెలు, జాకీ, పంపు, చెయిన్ కప్పీ అన్నీ తుడిచి వరుసగా పెట్టాను. నా భర్త తలస్నానం చేసి వచ్చి టెంకాయ కొట్టాడు. నేను పసుపు, కుంకుమ గిన్నెలు పట్టుకుని ఒక చివర నుంచి మొదలుపెట్టాను. పానకు బొట్టు. సుత్తెకు బొట్టు. ఆకురాయికి బొట్టు. అలమారలో ఉన్న డబ్బాలకు బొట్టు. పండుగ రోజు పనిముట్లకు బొట్టు పెట్టేటప్పుడు చెయ్యి ఎక్కడా ఆగదు. ఒకదానికి పెట్టి ఒకదాన్ని వదిలేస్తే అది అలుగుతుందని మా అత్త చెప్పేది. నేను దేన్నీ వదల్లేదు. ఆఖరికి సాంబ్రాణి వేశాను.

బొట్టు పెట్టిన పానను మర్నాటి దాకా ముట్టకూడదు. అది మా షెడ్డు పద్ధతి. సాయంత్రం నా భర్త జమ్మి దగ్గరికి పోయాడు. ఎండ ఇంకా ఉండగానే డ్రైవరన్న కారు తీసుకుని వచ్చాడు.

"బావ ఏడి చెల్లె?"

"జమ్మికి పోయిండే అన్నా. కూసో, గారెలు తిందువు."

"కూసునే యాల్ల లేదు. పెడల్ మల్ల మెత్తగైంది. దొర రేపు పొద్దుగాల్ల పట్నం పోతాండు. జర బ్రేక్ ఆయిల్ పొయ్యి."

"ఇయ్యాల పాన ముట్టం గదనే. బొట్టు వెట్టినం."

"మీ పానల్ని పండుకోనియ్యి. ఆయిల్ పొయ్యనీకె పానెందుకు? మూత చేత్తోని తిప్పితే ఒస్తది." నవ్వాడు. "నా దేవునికి ఇయ్యాల పండుగ లేదు. పాపం తగిలితే నాకే తగుల్తది, పొయ్యి."

అతను కాళ్ల కింది పట్టా ఎత్తి, చిన్న మూత తిప్పి పట్టుకున్నాడు. నేను అలమార దగ్గరికి పోయాను. బొట్టున్న డబ్బా తీసుకున్నాను. మూత తీస్తే సాంబ్రాణి వాసనే తప్ప ఇంకేదీ తెలియలేదు. మామూలుగా నేను వాసన చూస్తాను. బ్రేకు ఆయిల్ ముక్కుకు చురుక్కుమంటుంది. ఆ రోజు చూడలేదు. బొట్టు ఉంది కదా అనుకోవడానికి కూడా నేను ఆగలేదు. చెయ్యే పోయింది, చెయ్యే తెచ్చింది. గరాటు పెట్టి పోశాను. అతను నాలుగుసార్లు తొక్కి చూసి, "ఇగో, రాయి లెక్కైంది," అన్నాడు. గారెలు కాగితంలో కట్టి ఇస్తే పక్క సీట్లో పెట్టుకుని పోయాడు. రాత్రి నా భర్త వచ్చాక ఆయిల్ పోసి పంపానని చెప్పాను.

ఐదు రోజుల తర్వాత, హైదరాబాదు నుంచి తిరిగి వచ్చేటప్పుడు రఘునాథపల్లి దగ్గర ఆ కారు గడ్డిమోపు ఎత్తుకుని రోడ్డు పక్కన నడుస్తున్న ఒక కూలిమనిషిని కొట్టి, కల్వర్టు గోడకు తగిలి ఆగింది. ఆమె అక్కడికక్కడే చనిపోయింది. నా వయసుదే. పదేళ్ల కూతురుంది.

లారీ డ్రైవరు ఒకతను ఆ వార్త మా షెడ్డులో చెప్పాడు. జనగామ నుంచే చక్రాలు పట్టేస్తున్నాయని, కాలిన వాసన వస్తున్నదని డ్రైవరు రెండుసార్లు ఆపి చూసుకున్నాడట. దొర తొందర చేశాడట. ఊరు దగ్గరికి వచ్చేసరికి తొక్కితే పెడల్ కిందికి పోయిందని డ్రైవరు మొత్తుకుంటున్నాడట. వెనక కూర్చున్న దొరకు గీత కూడా పడలేదు. జనం మూగగానే దొర అన్న మొదటి మాట, "పండుగ తాగుడు ఇంక దిగలే వీనికి," అని. అక్కడివాళ్లు ఆ మాట నమ్మారు. నమ్మి కొట్టారు. అది డ్రైవరన్న సొంత ఊరికి పోయే దారి. కొట్టినవాళ్లలో అతనికి తెలిసినవాళ్లు కూడా ఉన్నారు.

మరునాడు కారును లారీకి కట్టి మా షెడ్డుకే లాక్కొచ్చారు. ముందు బంపరు వంగింది, ఒక దీపం పగిలింది. దొర వెనకే జీపులో వచ్చాడు.

"రేపు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఒస్తడు," అన్నాడు నా భర్తతో. ప్రమాదం చేసిన బండ్లను పరీక్షించే ఆఫీసరును మా దగ్గర అట్లాగే అంటారు. "ఆయన తొక్కితే బ్రేక్ పడాలె. బండి ఖరాబున్నదని రాసిండనుకో, నేను కోర్టు సుట్టు తిరగాలె. సమజైందా?"

"అయింది దొరా."

దొర పోయాక నా భర్త కారు కిందికి దూరాడు. చాలాసేపు పాన చప్పుడే వినిపించింది. తర్వాత బయటికి వచ్చి అరచెయ్యి తెరిచాడు. అందులో ఆ రబ్బరు గిన్నె ఉంది. ఉబ్బిపోయి, నీళ్లలో నానిన వేలికొనలా ఉంది. గోరు గుచ్చితే దిగింది. ఒక అంచు చిరిగి వేలాడుతున్నది. ఆయన వేలు వాసన చూసుకున్నాడు.

"దీన్ల ఏ డబ్బాలకెల్లి పోసినవ్?"

"బొట్టున్న దాన్లకెల్లి."

ఆయన అలమార వైపు చూశాడు. నేనూ చూశాను. రెండు నెయ్యి డబ్బాలు పక్కపక్కనే ఉన్నాయి. రెండిటికీ బొట్టు ఉంది. నేను ఆరు రోజులుగా ఆ అలమార ముందు నుంచే తిరుగుతున్నాను. అప్పటిదాకా నాకు కనబడలేదు.

నేను గడప మీద కూలబడ్డాను. ఆయన తిడతాడనుకున్నాను. తిట్టలేదు. రబ్బరు గిన్నెను పొయ్యిలో వేశాడు. అది మండి చెడ్డ వాసన వచ్చింది.

"లే," అన్నాడు. "పని సూడు."

"అన్న ఏమైతడు?"

"ముందు లే. నోరు మూస్కో. ఎవ్వలకు జెప్పకు. జెప్తే ఈ షెడ్డుండదు. నేనుండ, నువ్వుండవు."

ఆ రోజంతా పనిచేశాం. పైపులన్నీ విప్పి స్పిరిటుతో కడిగాం. ఒక్క చుక్క పాత ఆయిల్ మిగలకుండా ఊది ఊది ఆరబెట్టాం. సికింద్రాబాదు నుంచి వచ్చి పండుగ ముందు నుంచీ కాగితంలోనే ఉన్న కొత్త రబ్బర్లు వేశాం. కాలిన లైనింగులు మార్చాం. ఆయన జీవితంలో అంత శుద్ధమైన పని మరొకటి చేయలేదు. చివర్లో పైపుల్లోంచి గాలి తీయాలి. అందుకు ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి. నేను డ్రైవరన్న సీట్లో కూర్చున్నాను.

"తొక్కు," అని కింద నుంచి.

"తొక్కిన."

"పట్టు... ఇడువు."

నాలుగు చక్రాలకూ అట్లా చేశాం. మొదట పెడల్ నేల దాకా పోయేది. ఒక్కొక్క చక్రం అయ్యే కొద్దీ గట్టిపడుతూ వచ్చింది. నా కాలికి తెలుస్తున్నది. పక్క సీటు కింద నూనె మరకల కాగితం ఒకటి ఉంది. నేను గారెలు కట్టి ఇచ్చినది. తీసి కొంగులో దోపుకున్నాను.

మర్నాడు ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఒక పోలీసు కూడా. దొర కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు కారు ఎక్కి, గల్లీ చివరి దాకా పోయి వచ్చి, మా షెడ్డు ముందు గట్టిగా తొక్కాడు. కారు పాతుకున్నట్టు ఆగింది.

"ఏమన్న ఇప్పినవా దీన్ని?" అని నా భర్తను అడిగాడు.

"లేదు సార్. బానెట్ గూడ ఎత్తలే."

ఇన్‌స్పెక్టరు రాసుకున్నాడు. పోలీసు మరొక కాగితం రాసి, సాక్షులు కావాలన్నాడు. పక్క దుకాణం మనిషి సంతకం పెట్టాడు. పోలీసు నా వైపు చూశాడు. "నువ్వు గూడ ఒక ఏలు ఎయ్యమ్మా. బండి మీ ఇంట్లనే ఉన్నది గద."

"ఏం రాసిన్రు సార్ దాన్ల?"

"బ్రేక్ మంచిగున్నదని. ఇంకేముంటది?"

నా భర్త నా వైపు చూడలేదు. నేను వేలు వేశాను. చదువు రాక వేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. అందులో ఏముందో అతను చెప్పాకే వేశాను.

డ్రైవరన్న కోర్టులో పెడల్ కిందికి పోయిందనే చెప్పాడు. బ్రేకు మంచిగా ఉన్నదని కాగితం చెప్పింది. డ్రైవరు తాగి ఉన్నాడని దొర చెప్పాడు. ఏడాదిన్నర శిక్ష పడింది, లైసెన్సు పోయింది. మేం బాగుచేయకుండా వదిలేసి ఉంటే, ఆ చిరిగిన రబ్బరు అతని తరఫున మాట్లాడేది.

జైలు నుంచి వచ్చాక అతను ఒక్కసారి మా షెడ్డుకు వచ్చాడు. గడ్డం నెరిసింది. నేను మంచినీళ్లు ఇస్తే తాగాడు.

"బావా, ఒక్కటి జెప్పు. నువ్వు దాన్ని సూసినవ్ గద. ఏమున్నదే దాన్ల?"

నా భర్త చేతిలో ఉన్న ప్లగ్గును తుడుస్తూనే ఉన్నాడు. "ఏం లేదు బావా. మంచిగనే ఉన్నది."

"నేను తొక్కిన. కిందికి పోయింది."

"ఒక్కోపాలి గాబరాల కాలు జారుతది."

"జారిందంటవా?"

"ఏమో మరి."

అతను కిందికి చూసి తన కుడికాలును కొంచెం జరిపాడు, అది ఎవరిదో అన్నట్టు. చెప్పు వేసుకుని పోయాడు. ఆ తర్వాత రాలేదు. రఘునాథపల్లి మీదుగా సొంత ఊరికి పోవడం కూడా మానేశాడని విన్నాను. తల్లి చనిపోతే చుట్టూ తిరిగి పొలాల గట్ల మీదుగా పోయాడట. దారిలో ఎవరన్నా చూసి, తాగి మనిషిని చంపినోడు అంటారని.

నా భర్త పెద్ద కార్లు మానేసి స్కూటర్ల పని పెట్టుకున్నాడు. సామాను లేదని చెప్పేవాడు అందరికీ. మేమిద్దరం ఆ సంగతి మళ్లీ మాట్లాడుకోలేదు. దసరాకు ఆయన టెంకాయ కొట్టేవాడు, నేను బొట్టు పెట్టేదాన్ని, డబ్బాల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగేది. ఎనభయ్యో దశకం మొదట్లో ఆయన ఛాతీ జబ్బుతో దవాఖానలో పోయాడు. ఆయన ఉన్నన్నాళ్లూ నేను చెప్పకపోవడానికి ఆయన వద్దనడమే కారణమని నాకు నేను చెప్పుకున్నాను. పోయాక తెలిసింది, అది కారణం కాదు, చాటు మాత్రమే. చాటు పోయినా నోరు రాలేదు. ఇంకో రెండేళ్లు గడిచాయి.

మా వీధి అవతల చర్చి ఆవరణలో మధ్యాహ్నం పూట పెద్ద ఆడవాళ్లకు అక్షరాలు చెప్పేవాళ్లు. వరండాలో చాపలు వేసి, ఒక టీచరమ్మ. నేను నలభై దాటిన దాన్ని. పలక పట్టుకుని పోవడానికి సిగ్గుపడి, సంచిలో పప్పు కింద పెట్టుకుని పోయేదాన్ని. నా పక్కన కూర్చున్నామె, "ఇప్పుడు సదివి కలెక్టర్ అయితవానె?" అంటే అందరం నవ్వేవాళ్లం. బరువైన పాన తిప్పిన వేళ్లు బలపం పట్టుకుంటే విరిగిపోయేది. గుణింతాలు పట్టుబడడానికి నాలుగు నెలలు పట్టింది.

ఒత్తులు నేర్చుకున్న వారంలో, షెడ్డు అలమారలో పాత సామాను తీస్తుంటే ఆ నెయ్యి డబ్బా చేతికి వచ్చింది. తుప్పు పట్టింది. కాగితం ముక్క బెల్లం రంగుకు తిరిగింది కానీ ఊడలేదు. నా భర్త చేతిరాత. కూడబలుక్కుని చదివాను. బ్రేకు. రెండే అక్షరాలు. ఆ దసరా రోజు కూడా అవి అక్కడే ఉన్నాయి. నేను వాటి పక్కనే బొట్టు పెట్టుకున్నాను.

ఆ రోజు నుంచి రాయడం మొదలుపెట్టాను. టీచరమ్మకు చూపించలేదు. తప్పులు ఉంటే ఉండనీ అనుకున్నాను. మూడు కాగితాలు చింపి, నాలుగో దాని మీద ఒక పేజీ అయింది. "దసర నాడు బ్రేకులో షాక్ ఆయిల్ పోసింది నేను. డ్రైవర్ కాదు. రబ్బర్ ఉబ్బి చిరిగింది. నేను చూసిన. నా భర్త కొత్త రబ్బర్ వేసిండు. తర్వాత ఇన్స్పెక్టర్ చూసిండు. బండి ఇప్పలేదు అన్నది అబద్దం. బ్రేకు మంచిగున్నదని నేను వేసిన ఏలు అబద్దం. డ్రైవర్ తాగడు." కింద నా పేరు రాశాను. అంతవరకు వేలు వేసిన చోట్లన్నీ గుర్తుకొచ్చాయి.

డ్రైవరన్న ఖిలా వరంగల్లో మట్టికోట పక్కన ఉంటున్నాడని, మార్కెట్లో బస్తాల తోపుడుబండి లాగుతున్నాడని తెలుసుకుని పోయాను. ఆదివారం, చర్చి నుంచి వచ్చి వాకిట్లో కూర్చుని ఉన్నాడు. తోపుడుబండికి బ్రేకు ఉండదు. దిగుడులో మడమ నేలకు ఆనించి ఆపాలి. అతని కుడి మడమ పగిలి మొద్దుబారింది.

"ఏంది చెల్లె, గింత దూరమొచ్చినవ్?"

నేను కాగితం ఇచ్చాను. అతను బైబిలు చదివే మనిషి. పదం పదం కింద వేలు జరుపుతూ చదివాడు. చివరి దాకా పోయి మళ్లీ మొదటికి వచ్చాడు. రెండోసారి వేలు చాలా నెమ్మదిగా కదిలింది. నేను అతని మొహం చూడలేక మడమ చూస్తున్నాను.

"నువ్వే రాసినవా?"

"నేనే అన్నా."

"బావకు ఎరుకేనా?"

"మొదటి రోజు నుంచే ఎరుక."

అతను కాగితం నాకే చాపాడు. "ఒకటి రాయలేదు చెల్లె. పెడల్ కిందికి పోయిందా, పోలేదా? నా కాలు జారిందా? గది రాయలే."

"పోయిందే అన్నా. పోకుండ ఎట్లుంటది? అంచు చినిగింది గద."

"నోటితోని కాదు. రాయి."

లోపలికి పోయి పెన్సిలు తెచ్చి ఇచ్చాడు. మోకాలి మీద పెట్టుకుని రాశాను. "పెడల్ కిందికి పోయింది. కాలు తప్పు లేదు." అతను దాన్ని కూడా వేలు పెట్టి చదువుకున్నాడు. కోపం వస్తుందేమో, కొడతాడేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"ఇన్నేండ్లు నా కాలుతోని నేను మాట్లాడలేదు," అన్నాడు. "సరే. ఈ కాగితం నాకెందుకు? నాతోని నడువు. ఆడ ఇయ్యాలె."

ఎక్కడో నేను అడగలేదు.

మర్నాడు బస్సులో పోయాం. అతను ముందు సీట్లో, నేను వెనక. కల్వర్టు దగ్గర దిగాం. గోడకు కొత్త సిమెంటు వేసిన చోటు ఇంకా వేరే రంగులో ఉంది. అతను అక్కడే ఆగిపోయాడు. "ఎడమ దిక్కు మూడో ఇల్లు. నేను రాను. నన్ను జూస్తే నువ్వు జెప్పేది ఇనరు."

ఆ ఇంట్లో చనిపోయినామె కూతురు ఉంది. పెళ్లై, చంకలో బిడ్డ. నేనెవరో చెప్పి కాగితం ఇవ్వబోయాను.

"నాకు సదువు రాదు," అంది. "నువ్వే సదువు."

గడప బయట నిలబడి చదివాను. నా రాతే నాకు అడ్డం తగిలింది. ఒత్తులు ఉన్నచోట ఆగాను. నేను పోసిన, నేను చూసిన, నేను వేసిన ఏలు. గట్టిగా చదువుతుంటే ప్రతి మాటా వేరే ఎవరి మీదో ఫిర్యాదులా వినిపించి, చివర్లో నా పేరు వచ్చింది. బిడ్డ నా చేతిలో కాగితం వైపు చెయ్యి చాపాడు. ఆమె వెనక్కి లాక్కుంది.

"మా నాయిన పొలం కాడున్నడు. ఆయనొచ్చినంక మల్ల సదువు," అంది. కూర్చోమనలేదు.

ఎండలో నిలబడ్డాను. మధ్యాహ్నానికి ఆయన వచ్చాడు, భుజాన పార, మోకాళ్ల దాకా బురద. మళ్లీ చదివాను. ఈసారి ఎక్కడా ఆగలేదు. "డ్రైవర్ తాగడు" అన్న దగ్గర ఆయన తలెత్తాడు. "కాలు తప్పు లేదు" అన్న దగ్గర పార గోడకు ఆనించాడు. నా పక్క నుంచే రోడ్డు మీదికి నడిచాడు. కల్వర్టు గోడ మీద కూర్చున్న డ్రైవరన్న లేచి నిలబడి, దెబ్బకు సిద్ధమైనట్టు తల కిందికి వంచాడు. ఆయన దగ్గరికి పోయి ఏదో అడిగాడు. డ్రైవరన్న తలూపాడు. తర్వాత ఆయన గొంతు నాకు వినపడింది.

"ఎండల నిలవడ్డవేందే? లోపలికి రా. నీళ్లు తాగుదువు."

ఇద్దరూ నా ముందు నుంచే లోపలికి పోయారు. కూతురు చెంబుతో నీళ్లు తెచ్చింది. డ్రైవరన్న చెప్పులు విడిచి గడప దాటాడు, ముందు కుడికాలు పెట్టి. తలుపు తీసే ఉంది. నన్ను ఎవరూ పిలవలేదు. నేను కాగితాన్ని మడిచి గడప మీద పెట్టి, గాలికి ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టి, బస్సు కోసం రోడ్డు మీదికి నడిచాను.